విప్పకుండా బాగుచేయమంటే?

పాడైనదాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు తెలుగులో మనకు రెండు రకాల మాటలున్నాయి. వస్తువు పాడైతే బాగుచేస్తాం, మరమ్మతు చేస్తాం. సంసారం పాడైతే చక్కదిద్దుకుంటాం, సర్దుకుపోతాం. మొదటి రకం మాటల్లో పాడైన వస్తువు ఒకవైపు, దాన్ని బాగుచేసే మనిషి ఇంకోవైపు విడివిడిగా కనబడతారు. రెండో రకంలో ‘కొను’ అనే చిన్న ధాతువు వచ్చి చేరి ఆ తేడాని చెరిపేస్తుంది. పాడైంది ఎక్కడైనా కావచ్చు, మారవలసింది మాత్రం ఆ మాట ఎవరికి చెబుతున్నారో ఆ మనిషే. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. అల్లుడు కాస్త సర్దుకుపోవాలమ్మా అని ఏ పెద్దమనుషులైనా అనగా మనం ఎన్నిసార్లు విన్నాం?

బాగుచేయడం మంచి పనే అన్న విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిన్న లోపం వస్తే పారేసి కొత్తది కొనుక్కునే ఈ రోజుల్లో అది మరీ మంచి పని. కానీ ఓపిగ్గా అతుకులు వేసి నిలబెట్టడం గొప్ప విలువ అని ఒప్పుకున్న మరుక్షణం స్త్రీలకు ఒక చిక్కు వచ్చిపడుతుంది. ఆ విలువ పేరు చెప్పే కదా తరతరాలుగా మనని పాడైపోయిన బంధాల్లో ఉంచేశారు! మరి మరమ్మతును మెచ్చుకుంటూనే సర్దుబాటును నిరాకరించడం సాధ్యమేనా? రెండింటికీ మధ్య నిజంగా గీత ఉందా, లేక నా సౌకర్యం కోసం నేను గీసుకుంటున్నానా? తత్వశాస్త్రం పాఠాలు చెప్పే నాకు ఈ ప్రశ్న తరగతి గదిలో ఎదురుకాలేదు. ఒక పాత కెమెరా లెన్స్‌ని సొంతంగా విప్పి బాగుచేస్తున్నప్పుడు ఎదురైంది. అందుకని లెన్స్ సంగతే ముందు చెబుతాను.

అది మా పిన్నిది. పిన్ని కాకినాడలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా పనిచేసి రిటైరైంది. 1983లో జీతంలోంచి దాచుకున్న డబ్బుతో జెనిత్ కెమెరా కొనుక్కుంది. దానితో వచ్చిన లెన్స్ పేరు హీలియోస్ 44-2. సోవియట్ యూనియన్‌లో లక్షల సంఖ్యలో తయారైన లెన్స్ అది. 58 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, నాలుగు జట్లుగా అమర్చిన ఆరు గాజు బిళ్లలు, వెలుతురుని తగ్గించి పెంచే ఎనిమిది రేకులు, కెమెరాకి బిగించడానికి 42 మిల్లీమీటర్ల మరచుట్టు. అంతే. బ్యాటరీ లేదు, మోటారు లేదు. చేత్తో తిప్పాలి, కంటితో చూసుకోవాలి. జర్మనీలోని జైస్ కంపెనీ తయారుచేసిన బయోటార్ లెన్స్ దీనికి మూలం.

కొన్నది పిన్ని. ఫిలిం ఎక్కించేది మాత్రం బాబాయి. “ఆడవాళ్ల చేతికి మిషన్లు ఆగవే” అనేవాడు, నవ్వుతూనే. నొక్కడం వరకు పిన్నికి స్వేచ్ఛ ఉండేది. విప్పడం, తుడవడం, ఎక్కించడం, దించడం ఆయన చేతుల మీదుగానే జరిగేవి. సముద్రపు గాలికి, ఏళ్లు గడిచినకొద్దీ లెన్స్ లోపలి గ్రీజు గట్టిపడి బంకలా తయారైంది. 1991 ప్రాంతంలో ఫోకస్ రింగు తిరగడం మానేసింది. అది ఆగిపోయిన చోటు అర మీటరు. ఆ లెన్స్ చూడగలిగిన అతి దగ్గరి దూరం అదే. రిపేరుకి ఇద్దామంటే ఇంటి ఖర్చుల జాబితాలో అది ఎప్పుడూ చివరికి పోయేది.

అప్పుడు పిన్ని ఏం చేసిందంటే, రింగు తిప్పడం మానేసి తానే కదలడం నేర్చుకుంది. కెమెరా కంటికి పెట్టుకుని, ఆకు స్పష్టంగా కనబడేదాకా నడుము వంచి ముందుకీ వెనక్కీ జరిగేది. ఆమె ఆల్బంలు చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. 1991 దాకా వాటిలో మనుషులున్నారు, గోదావరి ఉంది, కోరింగ మడ అడవులున్నాయి, విద్యార్థినుల గుంపులున్నాయి. ఆ తర్వాత అన్నీ ఆకులూ, పూలూ, కాయలే. అన్నీ ఒకే దూరం నుంచి. మనుషులు లేరు, దూరం లేదు. ఆ ఫొటోలు చూసినవాళ్లు “ఉన్నదాంతో ఎంత బాగా నెట్టుకొస్తోందో” అని మెచ్చుకున్నారు. నిజానికి అవి చాలా మంచి ఫొటోలు. ఆకు ఈనెలు అంత స్పష్టంగా తీయడం మాటలు కాదు. కొన్నేళ్లకి నడుము నొప్పి వచ్చింది. కెమెరా బీరువాలోకి పోయింది.

రెండేళ్ల క్రితం అది నా చేతికి వచ్చేసరికి గాజు లోపల సాలెగూడులా బూజు కూడా పట్టి ఉంది. దాన్ని నేనే విప్పుదామనుకున్నాను. ఈ పనికి కావలసినవి ఎక్కువేమీ లేవు. సన్నటి స్క్రూడ్రైవర్లు, గుండ్రటి బిగింపులను తిప్పడానికి రెండు మొనలున్న స్పానర్, గాలి ఊదే రబ్బరు బుడ్డి, లైటర్లలో పోసే పెట్రోలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ, మంచి గ్రీజు. ఒక తెల్లటి పళ్లెం. తీసిన ప్రతి మరనీ తీసిన వరుసలో పెట్టుకోవడానికి ఇడ్లీ రేకు చాలా బాగా పనికొచ్చింది.

ఫోకస్ రింగుని పట్టి ఉంచేవి మూడు బుల్లి మరలు. అవి వదులు చేస్తే రింగు ఊడివస్తుంది. దాని కింద ఒకదానిలో ఒకటి తిరిగే మరచుట్ల గొట్టాలుంటాయి. వాటిని విడదీసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. అవి ఏ చోట విడిపోతాయో సరిగ్గా ఆ చోట రెండింటి మీదా గుర్తు గీసుకోవాలి. ఆ చుట్లకి మొదళ్లు చాలా ఉంటాయి. తిరిగి బిగించేటప్పుడు ఏ మొదలు పట్టుకున్నా గొట్టం లోపలికి పోతుంది, బిగిసినట్టే ఉంటుంది, కానీ చూపు తప్పుతుంది. పైకి అంతా సరిగ్గా అమరినట్టు కనబడుతూ లోపల తప్పుగా ఉండటం ఎలా సాధ్యమో దాన్ని చూసి అర్థం చేసుకోవచ్చు. గుర్తులు గీసుకున్నాక పాత గ్రీజుని పెట్రోలుతో పూర్తిగా కడిగి, ఆరబెట్టి, కొత్తది పలచగా రాయాలి.

ఈ పని చేస్తూండగా నాకు స్పష్టమైన మొదటి సంగతి ఇది. బిగుసుకున్న రింగు మీద బలం వాడి ప్రయోజనం లేదు. బలంగా తిప్పితే మరచుట్లు అరిగిపోతాయి. ఓపిగ్గా, ప్రేమగా తిప్పినా అంతే, తిరగదు. అది ఎందుకు బిగుసుకుందో తెలియాలి. తెలియాలంటే విప్పాలి. గ్రీజు ఎండిందని తెలిసిన తర్వాత చేయవలసిన పని చాలా మామూలుది. అంటే బాగుచేయడానికి సహనం కన్నా ముందు కావలసింది కారణం. స్త్రీలకు నేర్పేదేమో సహనం ఒక్కటే. కారణం వెతకబోతే “ఇప్పుడవన్నీ తవ్వకు” అంటారు. తవ్వకుండా, విప్పకుండా, లోపల ఏముందో చూడకుండా బాగుచేయమంటారు. ఆ పని అసాధ్యం కాబట్టి పిన్ని చేసినట్టే చేస్తాం. బిగుసుకున్నదాన్ని అలాగే ఉంచి మనం ముందుకీ వెనక్కీ జరుగుతాం.

పిన్నిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమె చేసింది కూడా నైపుణ్యమే. చేతికి పనిముట్లు ఇవ్వని చోట ఒళ్లే పనిముట్టు అవుతుంది. సర్దుకుపోయే స్త్రీలు తెలివితక్కువవాళ్లు కారు. సర్దుకోవడానికి ఎంత లెక్క, ఎంత చురుకు కావాలో మనకి తెలుసు. నా ఫిర్యాదు సర్దుబాటును చూసి ‘బాగైపోయింది’ అని ప్రకటించేవాళ్ల మీద. ఫొటోలు బాగా వస్తున్నాయి కదా అన్నారు. రాకుండా పోయిన ఫొటోల లెక్క ఎవరూ తీయలేదు.

అమెరికన్ స్త్రీవాద తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్‌మన్ 2002లో మరమ్మతు మీదే ఒక పుస్తకం రాసింది. మనిషిని మరమ్మతు చేసే ప్రాణిగా చూడాలన్నది ఆమె ప్రతిపాదన. కార్లు బాగుచేసేవాళ్లనీ, పాత చిత్రాలను కాపాడేవాళ్లనీ, తెగిన సంబంధాలను అతికేవాళ్లనీ ఒకే వరుసలో నిలబెట్టి ఆలోచించింది. అంతకుముందే 1990లో బెరెనిస్ ఫిషర్, జోన్ ట్రోంటో సంరక్షణను నిర్వచిస్తూ మన ప్రపంచాన్ని నిలబెట్టడం, కొనసాగించడం, బాగుచేయడం అన్నీ అందులోకి తెచ్చారు. ఈ ఆలోచనలకి నేను రుణపడి ఉన్నాను. ఇంటి చాకిరీగా కొట్టిపారేసిన పనులకి తత్వశాస్త్రంలో చోటు దొరికింది వీటివల్లే. అయితే మన ఇళ్లలోంచి చూసినప్పుడు వీటికి ఇంకో ప్రశ్న చేర్చాలనిపిస్తుంది. బాగుచేసే బాధ్యత ఎవరిది అని అడిగితే చాలదు. విప్పే అధికారం ఎవరిది అని కూడా అడగాలి. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర లేనప్పుడు బాధ్యత కాస్తా వెట్టిగా మారుతుంది.

కెమెరా చరిత్రలో ఈ ప్రశ్నకి చాలా ఆధారాలున్నాయి. 1892లో లాలా దీన్ దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడిపే బాధ్యతని కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకి అప్పగించాడు. అంటే కెమెరా ముందు కూర్చోవడానికి కూడా స్త్రీలకు వేరే గది కావలసి వచ్చిన ఊరు మనది. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పేరుపొందిన హోమాయ్ వ్యారావాలా మొదట్లో తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. నొక్కిన వేలు ఆమెది, సంతకం ఆయనది.

నేను తుడుస్తున్న గాజుకి కూడా ఇలాంటి చరిత్రే ఉంది. లెన్స్‌ని వాలుగా పట్టుకుని చూస్తే ఊదారంగు ఛాయ కనబడుతుంది కదా, అది వెలుతురు గాజు మీద పడి వెనక్కి పోకుండా ఆపే అతి పలచని పూత. ఆ దారిలో ముఖ్యమైన అడుగు వేసినవాళ్లలో కాథరిన్ బ్లాడ్జెట్ ఒకరు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ ఆమె, 1926లో. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పనిచేస్తూ, అణువు మందం పొరలను ఒకదాని మీద ఒకటి 44 పేర్చి, దాదాపు ప్రతిబింబించని గాజుని 1938లో చూపించింది. ఆమె పూత మెత్తనిది, తుడిస్తే పోయేది. తర్వాత వేరేవాళ్లు గట్టి పూతలు కనుక్కున్నారు. జైస్‌లో స్మకులా అంతకుముందే 1935లో తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆమె ఒక్కతే చేసింది అని గొప్పలు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆడవాళ్ల చేతికి ఆగవు అన్న మిషన్ల లోపల, అద్దం మీది పూత చరిత్రలో కూడా ఒక ఆడమనిషి పని ఉందని బాబాయికి తెలియదు, పిన్నికీ తెలియదు. తెలియకుండా ఉండటం యాదృచ్ఛికమేమీ కాదు. లోపలికి చూడనివ్వకపోతే లోపల ఎవరి శ్రమ ఉందో కూడా తెలియదు.

ఇక్కడ నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. గ్రీజు కోసం కోఠీలో పాత కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. సంగతి విని, తన దగ్గరున్న డబ్బాలోంచి కొంచెం తీసిచ్చి, ఎంత పలచగా రాయాలో వేలితో చూపించి, నవ్వుతూ అన్నాడు: “ఆప్ శౌక్ సే ఖోల్తే మేడమ్, హమ్ పేట్ కే వాస్తే.” మీరు సరదాకి విప్పుతారు, మేం పొట్టకోసం విప్పుతాం అని. ఆ మాటలో ఎగతాళి లేదు. కానీ నిజం ఉంది. మన సమాజంలో మరమ్మతుకి ఎప్పుడూ కులం ఉంది. చెప్పులు కుట్టేవాళ్లు, బిందెలకి మాట్లు వేసేవాళ్లు, రోళ్లకీ తిరగళ్లకీ గంట్లు కొడతామంటూ వీధుల్లో తిరిగిన ఆడవాళ్లు, వీళ్లెవరినీ మనం మరమ్మతు తత్వం తెలిసినవాళ్లుగా చూడలేదు. వాళ్లు గుమ్మం బయటే కూర్చుని బాగుచేసి వెళ్లారు. అదే పని చదువుకున్నవాళ్లు సెలవురోజున చేస్తే అభిరుచి, ఆత్మసంతృప్తి, ఆఖరికి ఇలాంటి వ్యాసం కూడా అవుతుంది. విప్పే అధికారం గురించి నేను మాట్లాడుతున్నాను. విప్పక తప్పని బతుకులు కూడా ఉన్నాయని, వాళ్ల చేతుల్లో ఉన్న జ్ఞానానికి మనం ఇంతవరకూ జ్ఞానమని పేరు పెట్టలేదని ఒప్పుకుంటేనే ఆ మాటకి అర్థం ఉంటుంది. స్త్రీగా నాకు అందకుండా చేసిన పనే ఇంకొకరి నెత్తిన కులం పేరుతో రుద్దారు. రెండూ ఒకే ఏర్పాటులోని భాగాలు.

వినియోగదారుల మరమ్మతు హక్కు గురించి ఇప్పుడు చట్టాల స్థాయిలో మాటలు నడుస్తున్నాయి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో దీనికో కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెచ్చింది. యూరోపియన్ యూనియన్ 2024లో ఆదేశం జారీ చేసింది. వస్తువుని అమ్మిన కంపెనీ దాన్ని విప్పే దారి మూసేయకూడదన్నది వీటి సారాంశం. మంచిదే. కానీ వినియోగదారు అన్న ఆ ఒక్క మాట వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఏ సొరుగులో ఉంటుంది, దాన్ని తీయడానికి ఎవరికి జంకు ఉండదు అన్నది ఏ పోర్టలూ చెప్పదు.

వస్తువుల దగ్గర కనబడిన తేడాని బంధాల దగ్గరికి తీసుకుపోవచ్చా? మనుషులు లెన్సులు కారు, నిజమే. అయినా మన చట్టాలు కూడా ఈ రెండు దారుల మధ్యే ఊగుతున్నాయి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం తన లక్ష్యంగా మొదట చెప్పుకున్నది రాజీని ప్రోత్సహించడం. రాజీ చెడ్డదేం కాదు. కానీ కౌన్సెలింగ్ పేరుతో “పిల్లల ముఖం చూసి” అనడం మొదలైతే అది లోపల ఏముందో చూడకుండా రింగుని మళ్లీ బిగించడమే. 2005 గృహహింస చట్టం వేరే పని చేసింది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతో మనసుని హింసించడం, ఆర్థిక హింస అని విడివిడిగా పేర్లు పెట్టింది. సంసారంలో కలతలు అని ఒక ముద్దగా ఉన్నదాన్ని విప్పి ముక్కలు పళ్లెంలో పెట్టింది. అమలులో ఎన్ని లోపాలున్నా ఆ విప్పడం చిన్న విషయం కాదు. ముక్కలు చూసిన తర్వాతే ఏది కడగాలో, ఏది మార్చాలో, ఏది పారేయాలో ఆ మనిషి తేల్చుకోగలదు.

లెన్స్‌ని తిరిగి బిగించాక చేసే ఆఖరి పని నాకు ఈ తేడాని ఇంకా బాగా చెప్పింది. రింగు మీద దూరాల అంకెలుంటాయి, చివర అనంతం గుర్తు. ఆ గుర్తు సరైన చోట ఉందో లేదో సరిచూడాలి. మేడ మీదికి వెళ్లి, చాలా దూరంలో ఉన్న సెల్ టవర్ స్పష్టంగా కనబడేదాకా లెన్స్ తిప్పాను. అప్పుడు ఆ మూడు మరలూ వదులు చేసి, రింగుని మాత్రం జరిపి, అనంతం గుర్తుని ఆ చోటికి తెచ్చి మళ్లీ బిగించాను. అంటే కంటికి కనబడుతున్నది ప్రమాణం. రాసి ఉన్న గుర్తే దానికి తగ్గట్టు జరగాలి. ఇదీ సర్దుబాటే. ఇంగ్లీషు మాట వాడితే అడ్జస్ట్‌మెంటే. కానీ ఇందులో సర్దుకుంటున్నది గుర్తు, చూపు కాదు. మనకి ఇన్నాళ్లూ చెప్పింది దీనికి తలకిందులు. గుర్తులు ముందే చెక్కి ఉన్నాయి, మంచి భార్య, మంచి కోడలు, మంచి తల్లి. నీకు మసకగా కనబడితే నీ చూపుదే లోపం అన్నారు.

అన్నీ బాగవవు. బూజు గాజు మీద ఊరికే కూర్చోదు. ఆమ్లాలు వదిలి పూతని, ఒక్కోసారి గాజుని కూడా తినేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా కలిపి తుడిస్తే బూజు పోయింది. అది తిన్న జాడలు పోలేదు. వాటిని అరగదీద్దామనుకుంటే మిగిలిన పూత కూడా పోతుంది. ఒకదానికొకటి అతికించి ఉన్న గాజు జంటల మధ్యకి పాకిన బూజు ఉంటే ఇంట్లో చేయగలిగింది ఇంకా తక్కువ. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా బాగుచేయడంలో భాగమే. ఎండకి ఎదురుగా పెట్టి తీస్తే ఈ లెన్స్‌లో బొమ్మ కొద్దిగా తెల్లబోతుంది. మిగతా వేళల్లో శుభ్రంగా ఉంటుంది. ఏమీ జరగనట్టు చేయడం మరమ్మతు పని కాదు. జరిగినదాన్ని దాచకుండా, ఇప్పుడు దీనితో ఏం సాధ్యమో తేల్చడం దాని పని. సర్దుబాటుకి మచ్చ కనబడకూడదు. అందుకే అది అంత మర్యాదగా ఉంటుంది.

లెన్స్‌ని కాకినాడ తీసుకెళ్లి చూపిస్తే పిన్ని రింగుని ఒక కొసనుంచి ఇంకో కొసదాకా నాలుగైదుసార్లు తిప్పి చూసింది. “ఇంత తేలిగ్గా తిరిగేదా ఇది!” అంది. తర్వాత, “ఇది అప్పుడే విప్పి ఉంటే సగం రోజు పని కదే” అంది. ఆ సగం రోజుకి ఆమె దగ్గర లేనిది సహనమూ కాదు, తెలివీ కాదు. వేలకొద్దీ మొక్కలను ముక్కలు చేసి పిల్లలకి లోపలి భాగాలు చూపించిన మనిషి ఆవిడ. కళాశాలలో విప్పి చూపడం ఆమె వృత్తి. ఇంట్లో విప్పకపోవడం ఆమె మర్యాద.

అందుకని, రెండింటికీ మధ్య గీత ఉందనే నేను అనుకుంటున్నాను. అది చేసే పనిలో ఎప్పుడూ కనబడకపోవచ్చు. ఓపిక, శ్రద్ధ, చేతినేర్పు రెండింటిలోనూ ఉంటాయి. బాగుచేయమని ఎవరైనా మనని అడిగినప్పుడు మనం తిరిగి అడగగలిగే ప్రశ్నల్లో ఆ గీత ఉంది. దీన్ని విప్పి చూడనిస్తారా? లోపల కనబడినదాన్ని పైకి చెప్పనిస్తారా? చూశాక, ఇది బాగవదు అని పక్కన పెట్టే హక్కు నాకుంటుందా? ఈ మూడింటికీ అవును అన్నచోట అతుకు వేయడం గౌరవప్రదమైన పని. ఏ ఒక్కదానికి కాదన్నా, వాళ్లు మనని అడుగుతున్నది బాగుచేయమని కాదు.